నలభై ఏడో దరఖాస్తు

రాప్తాడులో హైవే పక్కన, పంక్చర్ షాపును ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంటుంది. దాని ముందు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి మనిషెత్తున పేర్చి ఉంటాయి. అది కుళ్ళాయప్ప టెంట్ హౌస్. పెళ్లికైనా, పెద్దకర్మకైనా, పార్టీ మీటింగుకైనా చుట్టుపక్కల పదిహేను పల్లెలకు షామియానా, కుర్చీలు, వంట గుండిగలు, మైకు సెట్టు ఆయన దగ్గర నుంచే పోతాయి. ఆయన గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు. ఆయన అసలే అడగడు. ఆయనకు నేను చేసిన అన్యాయం నాకు తెలుసు గనుక రాస్తున్నాను. చదివి తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, చాలా రోజులుగా నేనూ అదే పనిలో ఉన్నాను.

నా పేరు జయంతి. అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. లెక్క లేని మాట వింటే ఒళ్లు మండుతుంది. అలాంటి నేను మూడేళ్ల కిందట ఒక స్నేహితురాలు లాక్కెళితే బెంగళూరులో ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం వాళ్ల సభకు వెళ్లాను. పేరుకు నోరు తిరగదు గానీ సంగతి సులువే. మంచి చేయాలన్న మనసు ఒక్కటే చాలదు. ఉన్న కాలాన్ని, శక్తిని ఎక్కడ పెడితే ఎక్కువ మందికి ఎక్కువ మేలు జరుగుతుందో ఆధారాలు చూసి మరీ అక్కడ పెట్టాలి. మంచితనానికి కూడా లెక్క చూసేవాళ్లు ఈ లోకంలో ఉన్నారని తెలిసి నాకు పుట్టింటికి వెళ్లినంత సంతోషమైంది. అనంతపురంలోనూ ఒక బృందం పెడతానని అక్కడే చెయ్యెత్తి చెప్పేశాను. మనుషుల్ని పోగు చేయడం ఎంత కష్టమో ఊరికొచ్చాక తెలిసింది.

మొదటి సమావేశానికి ఒక ట్యూషన్ సెంటర్ హాలు తీసుకున్నాను. ముప్పై కుర్చీలు కావాలి. పెళ్లిళ్ల రోజులు కావడంతో టౌనులో ఎవరి దగ్గరా దొరకలేదు. ఎవరో రాప్తాడు నంబరు ఇచ్చారు. ఆదివారం పొద్దున తొమ్మిదికి ట్రాలీ ఆటోలో కుర్చీలు వచ్చాయి. వాటితో పాటు యాభై ఏళ్ల మనిషి ఒకాయన దిగాడు. పొట్టిగా, గట్టిగా, తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాడు. కుర్చీలు వరసగా వేయమంటే వినకుండా సగం చుట్టుగా వేశాడు.

"వరసగా ఏస్తే ఎనకాలోళ్లు ముందరోళ్ల జుట్టు చూస్తారమ్మా. ఒగరి మొగం ఒగరు చూసుకుంటే గదా మాట్లాడేది" అన్నాడు.

నాకు కోపం వచ్చింది గానీ టైము లేదు. ఆ రోజు వచ్చింది తొమ్మిది మంది. అందులో ఇద్దరు టీ కోసం వచ్చారు. నేను ఇరవై రెండు స్లైడులు చూపించి, దోమతెరలతో ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో, అదే శ్రమ ఇంకో చోట పెడితే ఎన్ని నిలుస్తాయో చెప్పుకుంటూ పోయాను. కుర్చీలాయన ఆటోతో పాటు వెళ్లిపోకుండా చివర ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. ప్రశ్నలుంటే అడగమన్నాను. ఆయన చెయ్యెత్తాడు.

"అమ్మా, ఎండాకాలం మా రాప్తాడులో నాలుగు చలివేంద్రాలు పెడ్తారు. నాలుగూ బస్టాండు కాడనే. బ్యానరు మింద పేరు అందరికీ కనపడల్ల గదా. కూలికి పోయే ఆడోళ్లు మూడు మైళ్లు నడిచే దారిలో ఒగటీ ల్యా. మీరు చెప్పేది ఇదే గదా?"

ఇదే. నేను ఇరవై రెండు స్లైడుల్లో చెప్పలేనిది ఇదే. అంతవరకు గోడ గడియారం చూస్తున్న తొమ్మిది మందీ ఆయన వైపు తిరిగి కూర్చున్నారు. నేను పెట్టిన పేరు కూడా ఆయనే మార్చాడు. "ఆ ఇంగ్లీషు పేరు చెప్తే మా పక్క లోన్లు ఇచ్చేటోళ్లు అనుకుంటారు. మేలు మీటింగు అందాం" అన్నాడు. బెంగళూరుకు పంపే కాగితాల్లో తప్ప ఆ రోజు నుంచి అందరికీ అది మేలు మీటింగే అయింది.

ఆ వేసవిలోనే ఆయన ఒక పని చేశాడు. ఐదారేళ్లుగా బస్టాండు ముందు వాళ్ల నాయన పేరు మీద పెడుతున్న చలివేంద్రాన్ని తీసేసి కూలీలు నడిచే మట్టిదారిలోకి మార్చాడు. రోజుకు రెండు బానలు పోసేవాడు కాస్తా ఐదు పోయాల్సి వచ్చింది. ఆ దారిలో బ్యానరు చదివేవాళ్లు లేరు గనుక అది కూడా కట్టలేదు. నేను ఆ సంగతి మీటింగులో చెప్పి అందరితో చప్పట్లు కొట్టించాను. ఆయన తల గోక్కుంటూ బయటికి వెళ్లిపోయాడు.

ఆయనది రాప్తాడు దగ్గర ఒక గొర్రెల కాపరి కుటుంబం. ఏడో తరగతిలో బడి మానేసి మంద వెనక తిరిగాడు. ఒక కరువులో మంద అంతా అమ్ముకున్నాక అనంతపురంలో ఒక టెంట్ హౌసులో గుంజలు మోసే పనికి చేరాడు. పదిహేనేళ్లు మోశాక సొంత షెడ్డు పెట్టుకున్నాడు. వాళ్ల వైపు పెళ్లికి గానీ చావుకు గానీ పిలిచినవాడు రాకపోతే మరునాడు ఇంటివాళ్లు వాడింటికి పోవాలట. కోపంతో కాదు, ఒంట్లో బాగాలేదేమో, మనసు నొచ్చుకుందేమో చూసి రావడానికి. వాళ్ల నాయన ఆ పనికి పేరు పడ్డ మనిషట. ఇదంతా ఆయన ఒకసారి గుండిగలు తోముతూ చెప్పాడు. నేను అప్పుడు ప్రొజెక్టరు వైరు వెతుక్కుంటున్నాను. సగమే విన్నాను.

మేలు మీటింగు ప్రతి నెలా రెండో ఆదివారం జరిగేది. తొమ్మిది మంది పదహారయ్యారు, పదహారు ముప్పై అయ్యారు. ఏడాదిన్నర తిరిగేసరికి నలభై మూడు. గార్లదిన్నె నుంచి అంగన్వాడీ టీచర్లు వచ్చేవాళ్లు, రాయదుర్గం నుంచి జీన్స్ కుట్టే ఆడవాళ్లు ముగ్గురు బస్సు పట్టుకుని వచ్చేవాళ్లు. బాలింతలకు ఐరన్ మాత్రలు ఇవ్వడం కంటే అవి మింగేట్టు చేయడం ఎందుకు కష్టమో, ఫ్లోరైడు నీళ్లున్న ఊళ్లో ముందు ఏం చేయాలో కూర్చుని వాదించుకునేవాళ్లం. కుళ్ళాయప్ప బిస్కెట్లు మాన్పించి ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ పెట్టించాడు. మీటింగు మొదలయ్యే ముందు అరగంట సేపు వచ్చినవాళ్లందరి దగ్గరా ఆగి వాన గురించీ, బోరు గురించీ, కోడలి కాన్పు గురించీ అడిగేవాడు. నేను గడియారం చూసి పళ్లు కొరుక్కునేదాన్ని. ఇంత మంది పెరగడానికి కారణం ఏమిటని బెంగళూరు వాళ్లు అడిగితే, చర్చల నాణ్యత అని రాసి పంపాను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లు కనీసం చెట్టు పేరైనా చెబుతారు. నేను అదీ చెప్పలేదు.

మా పెరుగుదల చూసి బెంగళూరు వాళ్లు అనంతపురంలో రెండు రోజుల సదస్సు పెడదామన్నారు. హైవే మీద ఒక కల్యాణ మంటపం మాట్లాడాం. అరవై మందికే చోటు. దరఖాస్తులు తీసుకుని, ఎవరు ఎక్కువ చేయగలరో వాళ్లని ఎంచుకోవాలి. ఎంపికలో ముఖం చూసి మార్కులు వేయడం ఉండకూడదని నేనే పట్టుబట్టాను. పేర్లు దాచేసి నంబర్లు ఇవ్వాలి, దరఖాస్తులో మనిషి ఎవరో తెలిసే ముక్క ఒక్కటీ ఉండకూడదు అని పైనే పెద్ద అక్షరాలతో రాయించాను. ఈ ఊళ్లో ఏ పనికైనా మనవాడా కాదా అని చూసే పద్ధతి మీద నాకున్న కసి అంతా ఆ ఒక్క నియమంలో పెట్టాను.

కుళ్ళాయప్ప అడిగాడు. "అమ్మా, నేను గూడా రాయల్లా?"

"అందరికీ ఒకటే రూలు అన్నా. ఏది ఎవరు రాసిందో నాకు గూడా తెలీదు" అన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన ముఖం విప్పారింది. "అది బాగుండాది. యాడికి పోయినా టెంటోడు వచ్చినాడనే అంటారు. పేరు ల్యాకుండా నా మాట ఎంత తూగుతాదో నేనూ చూస్తా." కొంచెం ఆగి మళ్లీ అన్నాడు. "ఇన్ని ఏండ్లు కుర్చీలు ఏస్తాండా గానీ, పిలుపు మింద పోయి నేనేసిన కుర్చీలో కూచ్చున్నది ల్యా. రెండు దినాలు కార్డు మెడకేసుకోని కూచ్చోని వినల్లని ఉండాదమ్మా."

నూట పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. తెలుగులో రాసినవి ముప్పై ఒకటి. మార్కులు వేసే మిగతా ఇద్దరూ బెంగళూరు వాళ్లు, వాళ్లకు తెలుగు చదవడం రాదు. అందుకని తెలుగువి నేనొక్కదాన్నే దిద్దాను. అచ్చు తీయించుకుని, పరీక్ష పేపర్లు దిద్దినట్టే కూర్చుని ఒక మధ్యాహ్నంలో ముగించేశాను. నలభై ఏడో నంబరు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సమస్య ఏది అన్న ప్రశ్నకు ఇలా ఉంది. "మనిషి ఒగసారి వచ్చి రెండోసారి రాకపోవడం. ఏ మంచి పనైనా ఈడనే చెడిపోతాది." మీకు వారానికి ఐదు గంటలుంటే ఏం చేస్తారు, ఫలితం ఎలా కొలుస్తారు అన్నదానికి, "రానోళ్ల ఇండ్లకు పోతా. ఎందుకు రాలేదని అడగను. బాగుండారా అని అడుగుతా. కొల్చేది నాకు తెలీదు. పోతే వస్తారు, పోకపోతే రారు." ఆధారం చూసి మీరు మనసు మార్చుకున్న సందర్భం ఏదైనా ఉందా అన్నదానికి రెండే ముక్కలు. "ఉండాది. రాయకూడదు."

ఉంటే రాసి చావొచ్చు కదా అని విసుక్కున్నాను. పదికి రెండు మార్కులు వేశాను. పక్కన, కొలత లేదు, ఆధారం లేదు, జవాబు దాటవేత అని రాశాను. తరువాతి కాగితం తీశాను.

ఎంపికైనవాళ్లకీ కానివాళ్లకీ బెంగళూరు నుంచే ఈమెయిళ్లు వెళ్లాయి. సదస్సుకు ముందు రోజు సాయంత్రం కార్డుల మీద పేర్లు అచ్చు వేయిస్తుంటే చూశాను, కుళ్ళాయప్ప పేరు లేదు. ఎంపిక కానివాళ్ల జాబితా తెరిచాను. నలభై ఏడు ఎదురుగా ఆయన పేరు ఉంది.

చేతిలో ఫోను ఉంది. ఒక కార్డు ఎక్కువ అచ్చు వేయమంటే పక్కనున్న షాపతను రెండు నిమిషాల్లో వేసి ఇచ్చేవాడు. నేను వేయించలేదు. తెలిసినవాడని ఒకరిని లోపలికి తీసుకుంటే మిగతా యాభై ఒక్క మందికి ఏం సమాధానం చెప్పాలి, ముఖం చూసి మార్కులు వేయకూడదని గొంతు చించుకున్నది నేనే కదా అనుకున్నాను. ఎలాగూ కుర్చీలతో వస్తాడు, పక్కన నిలబడి వింటాడు, ఆయనకు పోయేదేముంది అని కూడా అనుకున్నాను. మొదటి ఆలోచన తప్పయినా దాన్ని క్షమించుకోగలను. రెండోదాన్ని క్షమించుకోలేను.

ఆయన పొద్దున ఆరింటికే వచ్చి కుర్చీలు సగం చుట్టుగా వేశాడు. నాకు నమస్కారం పెట్టాడు. కార్డు మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడని మాత్రం చూశాను. ఎంపికైన అరవైలో యాభై నాలుగు మందే వచ్చారు. పదకొండింటికి మైకు గరగరమంది. నేను వేదిక మీద ఉన్నాను. మైకు సరిచేయడానికి ఆయన లోపలికి రాబోతే గుమ్మం దగ్గర బెంగళూరు నుంచి వచ్చిన కుర్రకారు కార్డేదని ఆపారు. "కుర్చీలాయన్నప్పా నేను, మైకు చూసేకి వచ్చినా" అంటున్నాడు. వాళ్లకు తెలుగు రాదు. నేను వేదిక మీద నుంచే వదలమని సైగ చేశాను, మాట్లాడేది మాత్రం ఆపలేదు. ఆయన వంగి వంగి, ఎవరికీ అడ్డం రాకుండా గోడ వెంబడి వచ్చి, వైరు సరిచేసి, అలాగే వంగి వెళ్లిపోయాడు. ఆ సమయంలో నేను చెబుతున్న అంశం, కొత్తవాళ్లు మనవాళ్లని ఎలా అనుకుంటారు అన్నది.

భోజనాలప్పుడు బయటికొచ్చి చూస్తే ఆటో నీడలో కూర్చుని ఉన్నాడు.

"లోపలికి రా అన్నా" అన్నాను.

"కార్డు ల్యాదు గదమ్మా. మీరు పెట్టిన రూలు మీరే తీసేస్తే ఎట్ల?" అని నవ్వాడు. "పోండి, పోండి. వచ్చినోళ్లు మీ కోసం చూస్తాంటారు."

ఆ నవ్వు చూసి, ఎంత పెద్దమనసు, అర్థం చేసుకున్నాడు అనుకుని నేను లోపలికి వెళ్లి అన్నం తిన్నాను. ఆ పూట తిన్న అన్నం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తరువాతి మేలు మీటింగుకు కుర్చీలు వచ్చాయి, ఆయన రాలేదు. ఆటో తోలే లక్ష్మన్న వరసలుగా వేసి వెళ్లిపోయాడు. పెళ్లిళ్ల పని ఉందేమో అనుకున్నాను. మూడో నెల కూడా అలాగే అనుకున్నాను. మీటింగు మాత్రం కరిగిపోవడం మొదలైంది. నలభై మూడు ఇరవై ఎనిమిది అయింది, తరువాత పదిహేడు, ఆ తరువాత పదకొండు. నాకు తెలిసిన విద్య అంతా వాడాను. అభిప్రాయ సేకరణ ఫారాలు పంపాను. టైము మార్చాను. వాట్సాప్‌లో రెండు రోజుల ముందొకసారి, రెండు గంటల ముందొకసారి గుర్తు చేశాను. ఎండాకాలం కదా అనుకున్నాను. వానాకాలం వచ్చాక వేరుశనగ విత్తే రోజులు కదా అనుకున్నాను. సెప్టెంబరులో ఐదుగురు వచ్చారు. ఇల్లు కాలుతుంటే చలి కాచుకున్నట్టు, ఆ తగ్గుదలని కూడా గ్రాఫు గీసి పెట్టుకున్నాను.

చివరికి రానివాళ్ల పేర్లు రాసుకుని వరసగా ఫోన్లు చేశాను. గార్లదిన్నె వైపు అంగన్వాడీ టీచరు హనుమంతమ్మ ఫోనెత్తింది. ఎందుకు రావడం లేదని అడిగాను.

"ఏం ల్యా మేడమ్. సోమవారం అన్న వచ్చేది నిలబెట్టినాడు గదా, మాకూ ఎట్లెట్లో అయిపాయ" అంది.

"ఏ అన్న?"

"కుర్చీల అన్నే మేడమ్. మీకు తెలీదా?"

తెలీదు. ఆవిడ చెబితే తెలిసింది. మొదటిసారి వచ్చినప్పుడు నా మాటలు సగం అర్థం కాక, మనకెందుకులే అని ఆవిడ మానేసిందట. ఆవిడ రాని ఆ మీటింగు మరునాడు కుళ్ళాయప్ప టీవీఎస్ బండి మీద ముప్పై కిలోమీటర్లు వచ్చి, అంగన్వాడీ అరుగు మీద కూర్చుని, "ఏమక్కా, ఒళ్లు బాగుండాదా, నిన్న కనపడలా" అన్నాడట. మీటింగులో ఏం మాట్లాడుకున్నామో నాలుగు ముక్కల్లో చెప్పాడట. ఆ నెల నుంచి ఆవిడ మళ్లీ వస్తూనే ఉంది, ఎప్పుడైనా ఒక నెల తప్పితే సోమవారం ఆయన బండి అరుగు ముందు ఆగేదట. ఇంకో ఇద్దరు టీచర్లను కూడా తీసుకొచ్చింది. "మీరే పంపిస్తాండారు అనుకుంటిమి మేడమ్. ఇంగ పంపిస్తా ల్యారంటే, మాతో పని అయిపోయిందేమో అనుకుంటిమి" అంది.

ఆ రోజు సాయంత్రం ఇంకో పదిమందికి ఫోన్లు చేశాను. అందరిదీ అదే మాట. పోతే వస్తారు, పోకపోతే రారు. నేను రెండు మార్కులు వేసిన జవాబుకు నా చేతిలోనే ఆధారం ఉంది, అదీ ఏడు నెలల లెక్కతో. ఒక మనిషి మీటింగుకు రాకుండా పోయి ఏడు నెలలైతే, ఆయన ఇంటికి మాత్రం మాలో ఒక్కరమూ పోలేదు. నాకు ఏడుపు వచ్చింది. కోపం కూడా వచ్చింది గానీ కోప్పడడానికి ఎదురుగా ఇంకెవరూ లేరు.

మరునాడు కాలేజీ అయ్యాక రాప్తాడు వెళ్లాను. షెడ్డు వెనకే ఇల్లు. కుళ్ళాయప్ప చిరిగిన షామియానా ఒళ్లో పెట్టుకుని దబ్బనంతో కుడుతున్నాడు. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ వేశాడు.

"రండి మేడమ్. ఏం, మీటింగుకు కుర్చీలు తక్కువొచ్చినాయా?"

రెండేళ్లు నన్ను అమ్మా అని పిలిచిన మనిషి. ఇప్పుడు మేడమ్ అంటున్నాడు. ఆయన భార్య నాగలక్ష్మి కాఫీ తెచ్చి ఇచ్చింది. ముఖం చూసి ఏమనుకుందో, లోపలికి వెళ్లిపోయింది. హనుమంతమ్మ చెప్పిందంతా చెప్పాను. మీ కాగితానికి మార్కులు వేసింది నేనే అని చెప్పాను. ఎన్ని వేశానో కూడా చెప్పాను.

ఆయన దబ్బనం కుట్టులోనే గుచ్చి పెట్టాడు. "రెండా" అన్నాడు. "నేను సున్నా ఏమో అనుకున్నా."

"సోమవారాలు పోతున్నట్టు నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్పుకునేకి ఏముండాది? రానోని ఇంటికి పోయేది గొప్పా?"

"పోనీ చలివేంద్రం సంగతైనా రాయొచ్చు కదా. మూడో ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు నూట పన్నెండు కాగితాల్లో ఒక్కరిదీ లేదు."

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. "అదెట్ల రాసేది? అది రాస్తే నేనని మీకు తెలిసిపోతాది గదా. మనిషి ఎవరో తెలీకూడదని మీరే పైన పెద్దగా ఏయిస్తిరి."

నూట పన్నెండు మందిలో ఆ నియమాన్ని నిజంగా పాటించింది ఆయన ఒక్కడే. మిగతావాళ్లు ఏ ఊరో, ఏ ఉద్యోగమో, ఏ అవార్డు వచ్చిందో దర్జాగా రాసుకున్నారు. నేను వాటికి ఏడూ ఎనిమిదీ వేశాను.

"నాది తప్పు. క్షమించన్నా. నువ్వు రావాలి" అన్నాను.

"తప్పేముంది మేడమ్. నా పేరు కనపడింటే చోటు ఇచ్చిందురు గదా?"

"ఇచ్చేదాన్ని."

"అప్పుడు అది టెంటోనికి ఇచ్చినట్ల. నా మాటకు ఇచ్చినట్ల కాదు." ఆయన గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండునని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. "మీటింగు అంటే మంచిదే. జరపండి. కుర్చీలు ఎప్పుడు కావాలన్నా పంపిస్తా. నేను రాను మేడమ్. ఆ పొద్దు గుమ్మం కాడ మనసు ఇరిగిపాయ. అతికించుకుందామని నేనూ చూసినా, అతకలా."

బతిమాలాను. నేనెప్పుడూ ఎవరినీ బతిమాలి ఎరగను, ఎలా చేయాలో కూడా తెలియలేదు. ఆయన వింటూనే షామియానా మడత పెట్టసాగాడు. కాసేపటికి రోడ్డు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"బిడ్డ కాలేజీ నుంచి వచ్చే టైమయింది. దానికి ఇవన్నీ తెలీదు. నన్ను పెట్టుకోలేదని చెప్పల్యాక, సీట్లు నిండిపోయినాయని చెప్పినా. దాని ముందర ఎత్తొద్దండి."

సరేనన్నాను. లేచి బయల్దేరుతుంటే ఆయన కూతురు భారతి బ్యాగు భుజాన వేసుకుని వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. నన్ను చూసి దాని ముఖం వెలిగింది. మేలు మీటింగు మేడమ్ అని తల్లిని కేకేసింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ముఖం చిన్నబోయింది. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"మేడమ్, నాయన చెప్తాంటే ఆ ఫారం నేనే ఫోన్లో టైపు చేసినా. నాయన మాట్లాడినట్లే కొట్టేసినా, పుస్తకంలో మాదిరి మార్చలా. దానివల్లే రాలేదేమో అని నాకు ఒగటే ఇది. నిజంగా సీట్లన్నీ నిండినాయా మేడమ్? నా తప్పేం ల్యాదు గదా?"

కుళ్ళాయప్ప షామియానా మడత పెట్టడం ఆపాడు.

"నిండిపోయాయమ్మా. ఒక్క కుర్చీ కూడా మిగల్లేదు" అన్నాను.

ఆ రోజు ఆరు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. సాయంత్రం వాటిని ఎత్తి ఆటోలో పెట్టుకున్నది ఆయనే.

"చెప్పలా నీకు?" అన్నాడు ఆయన కూతురితో. "పో, కాళ్లు కడుక్కోపో."

ఆయన పరువు కోసం, ఆ పిల్ల మనసు కోసం ఆ అబద్ధం ఆడానని బస్సులో కూర్చుని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. అదంతా ఉత్త మాట. నీ తప్పేం లేదమ్మా, మీ నాయనకు రెండు మార్కులు వేసింది నేనే అని ఆ పిల్ల ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.